గోరుచుట్టు

ఆ ఏడు శ్రీరామనవమి నాలుగు రోజులుందనగా నా కుడిచేతి నడిమివేలికి గోరుచుట్టు లేచింది. ఒకటే సలుపు. మా అమ్మ చేసినట్టే నిమ్మకాయకి కన్నం చేసి వేలికి తొడుక్కుని, ఆ చెయ్యి గాల్లో పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. మధ్యాహ్నం పెరుగు పొయ్యడానికి వచ్చిన ఛాయ అది చూసి పెరటి గుమ్మంలో కూలబడి మరీ నవ్వింది.

"దీదీ, వేలికి టోపీ పెట్టావేమిటి? ఎక్కడికైనా పెళ్ళికి వెళ్తోందా?"

"నవ్వు నవ్వు. నీకొస్తే తెలుస్తుంది."

"నాకొస్తే పేడ పిసకడం మానేస్తాను. అదీ హాయే."

ఛాయది భిలాయి శివారులోని కోహ్కా. రెండు గేదెలు, ఒక పాత స్కూటీ, దానికి అటూ ఇటూ రెండు క్యాన్లు. తను మాట్లాడేది ఛత్తీస్‌గఢీ, నేను మాట్లాడేది విజయనగరం యాసలో హిందీ. ఎనిమిదేళ్ళుగా ఒకరిదొకరికి బాగానే అర్థమవుతోంది, అందుకని ఇక్కడ అంతా తెలుగులోనే చెప్తాను. రోజూ పెరుగు పోశాక టీ తాగి వెళ్ళేది. మాకు పిల్లల్లేరు. మా ఆయన కృష్ణమోహన్‌కి ఉక్కు ప్లాంటులో పట్టాలు చేసే రైలు మిల్లులో షిఫ్టులు, షిఫ్టు లేనప్పుడు సంఘం పనులు. సెక్టర్ 7లో మా తెలుగువాళ్ళ సంఘానికి ఆయన కార్యదర్శి. ఇంట్లో ఆయన నాతో అనే మాటలు "అన్నం పెట్టు", "ఫోనెక్కడ?", "తలుపేసుకో". రోజు మొత్తంలో నాతో ఎవరైనా ఊరికే, పనేమీ లేకుండా మాట్లాడారంటే ఆ ఇరవై నిమిషాలే. ఛాయ వెళ్ళాక సాయంత్రం దాకా గోడ గడియారం ఒక్కటే నాకు దిక్కు.

అయితే ఏడాదికి ఒక్కరోజు నేనే రాణిని. నవమినాడు సీతారాముల కళ్యాణం అయ్యాక సంఘం పందిట్లో రెండొందల యాభై మందికి భోజనాలు. పులిహోర వంటవాళ్ళు కలుపుతారు. దద్దోజనం మాత్రం పద్నాలుగేళ్ళుగా నాదే. "భాగ్యరేఖమ్మగారి దద్దోజనం వడ్డించారా?" అని పంక్తి చివర్నుంచి ఎవరో ఒకరు కేకేస్తారు. ఆ కేక కోసం నేను మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ బతికేదాన్ని అంటే అతిశయోక్తి అనుకోవద్దు.

అందులో నా కిటుకు ఒకటుంది. భిలాయి ఎండకి పొద్దున కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికి పుల్లగా అయిపోతుంది. అందుకని నేను పెరుగు పోసి కలపను. మెత్తగా వండిన అన్నంలో కాచిన పాలు పోసి, డబరాకి ఛాయ పోసే పెరుగు రెండు గరిటెలు మాత్రం వేసి, చేత్తో పిసికి మూత పెట్టేస్తాను. మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది, పులుపు అంటదు. గరిటెతో కలిపితే ఆ వెన్నలాంటి మెత్తదనం రాదు. చేత్తోనే కలపాలి.

నవమి ముందురోజు గోరుచుట్టు చితికింది. పసుపు అద్ది గుడ్డపీలిక చుట్టాను. తెల్లారి ఆరింటికి పందిరి వెనక రేకుల షెడ్డులో మూడు డబరాల అన్నం దించి ఉంది. పక్కింటి బేబీ నా చెయ్యి చూసింది.

"పిన్నిగారూ, వేలు బాగులేదు కదేటి? నాను కలిపేస్తాను, మీరు పక్కనుండి చెప్పండి."

"నీకు పాళ్ళు తెలీవే."

"చెప్తే తెల్దేటి?"

"వద్దులే. పసుపు పెట్టాను కదా, ఏం కాదు."

వేలికున్న పీలిక అన్నంలో ఊడిపడుతుందని విప్పి కొంగున ముడేసుకున్నాను. చెయ్యి కడుక్కున్నాను, అదైతే నిజం. మోచేతి దాకా చెయ్యి పెట్టి మూడు డబరాలూ పిసికాను. వెచ్చటి పాలు తగిలితే వేలికి హాయిగా కూడా అనిపించింది. ఏడింటికల్లా మూతలు పెట్టేశాను.

ఆ రోజు కళ్యాణానికి ప్లాంటు పెద్దాఫీసరు ఒకాయన వస్తానన్నాడు. ఆయన వచ్చేసరికి ఒంటిగంట దాటింది. తలంబ్రాలు, సన్మానం, ఉపన్యాసం, అన్నీ అయ్యి విస్తళ్ళు వేసేసరికి రెండున్నర. ఆకలి మీదున్నారేమో జనం దద్దోజనం మారు అడిగి మరీ తిన్నారు. కేక కూడా వినపడింది. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి విన్నాను.

అయిదున్నరకి మా వీధి మొదట్లో ఉండే రాజాబాబు ఇంట్లో మొదలైంది. ఆరయ్యేసరికి మా వీధిలో ఏ ఇంటి పెరట్లో చూసినా ఒకరు ఒంగి కక్కుతున్నారు. మా ఆయన బాత్రూములోంచి బయటికి రాలేదు. నాకూ కడుపులో తిప్పింది కానీ, మిగిలిన అడుగూ బొడుగూ తిన్నాను కాబట్టి రెండు వాంతులతో పోయింది. అరవై మందికి పైగా పడ్డారు. చాలామంది మర్నాటికి లేచి కూర్చున్నారు. రాజాబాబు వాళ్ళమ్మ నూకాలమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడకి ఒంట్లో నీరంతా పోయి బీపీ పడిపోతే ఐసీయూలో పెట్టారు.

మర్నాడు నేను ఆస్పత్రికి వెళ్ళాను. వరండాలో ఒక కుర్ర డాక్టరమ్మ రాజాబాబుని ఏం తిన్నారు, ఎప్పుడు వండారు, ఎన్నింటికి తిన్నారు అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంటోంది.

"తిన్న మూడు గంటలకే వాంతులయ్యాయంటే, క్రిమి కడుపులోకి వెళ్ళి పెరగడానికి టైము లేదు," అంది హిందీలో. "తిండిలోనే ముందుగా పెరిగి, అందులో విషం వదిలేసింది. మీరు ఆ విషం తిన్నారు."

"పోనీ మళ్ళీ ఓసారి వేడిచేసి ఉంటే పోయేదా?" అని నేను అడిగాను.

"క్రిమి చచ్చేది. విషం పోదు. ఎంత మరగబెట్టినా ఉంటుంది."

"పెరుగు బయటినుంచి తెప్పించారండి. అదే అయ్యుంటుంది," అన్నాడు రాజాబాబు.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "పుల్లటి పెరుగులో ఇది ఇంతలా పెరగదు. పులుపు దానికి పడదు. పాలు పోసిన వెచ్చటి అన్నం, ఏడెనిమిది గంటలు మూతపెట్టి ఈ ఎండలో ఉంచడం, దానికి ఇంకేం కావాలి? మనుషుల దగ్గర్నుంచే వస్తుంది చాలావరకు. పుండో, చీము పట్టిన వేలో ఉన్నవాళ్ళు చేత్తో కలిపితే చాలు. కలిపిందెవరు?"

నా కుడిచెయ్యి అప్పటికే కొంగు కిందికి వెళ్ళిపోయింది. నేను పంపలేదు, అదే వెళ్ళింది. "వంటవాళ్ళండి" అన్నాడు రాజాబాబు, నన్ను వంటవాళ్ళలో కలపడం ఆయనకి మర్యాదగా తోచక. డాక్టరమ్మ రాసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన మంచం మీద పడుకుని మజ్జిగ తాగుతున్నాడు.

"నా వేలేనండీ. డాక్టరు చెప్పింది అచ్చంగా నా వేలు చూసినట్టే ఉంది."

"డాక్టరేటి నీ వేలు చూసిందా?"

"లేదు."

"మరింకేటి? నిన్నెవులడిగినారు? కార్యదర్శి పెళ్ళాం సంఘం అంతటికీ చీము పెట్టీసిందని రేపు ప్లాంటంతా చెప్పుకుంటారు. ఆ మాట ఇంక ఈ ఇంట్లో అనకు."

ఆ సాయంత్రమే సంఘం వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టాడు: 'సభ్యులకు మనవి. నవమి భోజనంలో పెరుగు వల్ల అందరం ఇబ్బంది పడ్డాం. ఇకమీదట కోహ్కా నుంచి వచ్చే ఛాయ దగ్గర ఎవరూ పాలు, పెరుగు పోయించుకోవద్దు. ఇట్లు, కార్యదర్శి.' కింద బొటనవేళ్ళు వరసగా పడ్డాయి. ముప్పై ఒకటి. ఇన్ని డబరాల్లో ఆ పిల్ల పెరుగు పడింది ఆరు గరిటెలు. అది ఇంకాస్త పడుంటే ఇంత జరిగేదే కాదేమో. ఈ సంగతి తెలిసినదాన్ని ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే. ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్ళాను.

మర్నాడు మధ్యాహ్నం స్కూటీ చప్పుడు వీధి మొదట్లో వినిపించింది. ఒక గేటు దగ్గర ఆగింది, ఏదో మాట, మళ్ళీ కదిలింది. ఇంకో గేటు. ఇంకోటి. బేబీ గొంతు వినపడింది, "నహీఁ చాహియే, జావో జావో." తర్వాత పెరటి తలుపు మీద చప్పుడు.

"దీదీ."

నేను తలుపుకి ఇవతల, జానెడు దూరంలో నిలబడి ఉన్నాను. గడియ మీద చెయ్యి కూడా పెట్టాను.

"దీదీ, వాళ్ళేంటో అంటున్నారు. నాకేం అర్థం కావడంలేదు. దీదీ?"

తలుపు తీస్తే చెప్పెయ్యాలి. చెప్తే నవమి పోతుంది, ఆ కేక పోతుంది, ఇంట్లో ఆ మూడు మాటలు కూడా ఉండవు. తీసి చెప్పకపోతే ఆ పిల్ల మొహంలోకి చూస్తూ అబద్ధమాడాలి. తియ్యకుండా ఉంటే రెండూ తప్పుతాయనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి. కాసేపు చూసి ఛాయ వెళ్ళిపోయింది. స్కూటీ వెంటనే స్టార్టవలేదు, నాలుగుసార్లు కిక్కు కొట్టింది. ఆ నాలుగుసార్లూ నాకు తలుపు తియ్యడానికి వ్యవధి ఉంది.

తర్వాత మూడు వారాలు మధ్యాహ్నాలు ఎలా గడిచాయో చెప్పలేను. టీ రెండు గ్లాసులకి పెట్టి, ఒకటి పారబోసేదాన్ని. మా ఆయనకి పాకెట్ పెరుగు నచ్చలేదు, కానీ అనలేడు. నూకాలమ్మ ఇంటికి తిరిగొచ్చింది. నా వేలు మానిపోయి కొత్తగోరు వచ్చింది. అందరూ మామూలైపోయారు. నేను ఎవరితోనైనా మాట్లాడాలని మూడు నాలుగుసార్లు మా చెల్లెలికి విజయనగరం ఫోను చేసి, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాను. అంత ఒంటరితనం మా అమ్మ పోయినప్పుడు కూడా నాకు లేదు.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం నవమి లెక్కలు, మంచిచెడ్డలు చూసుకోవడానికి సంఘం హాల్లో మీటింగు. ఆడవాళ్ళం వెనక వరసలో కూర్చున్నాం. మా ఆయన లేచి, ఇకమీదట బయటివాళ్ళ పెరుగు పందిట్లోకి రాకూడదని తీర్మానం చదువుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"పెరుగు వల్ల కాదు. ఆ రోజు నా వేలికి గోరుచుట్టు ఉంది. చీముతోనే చెయ్యి పెట్టి కలిపాను. పెరుగు ఆరు గరిటెలే వేశాను, మిగతా అంతా పాలే."

మా ఆయన కాగితం మీదనుంచి తలెత్తలేదు. రాజాబాబు నవ్వాడు, మంచి మనసుతోనే నవ్వాడు.

"వొదినా, మీది మరీ జాలిగుండె. ఆ పెరుగావిడ మీద బెంగెట్టుకున్నారు మీరు."

"లేదండీ, నిజం..."

"మీ చేత్తో పద్నాలుగేళ్ళు తిన్నాం. ఎప్పుడైనా ఏటైనా అయినాదా? కూర్చోండి కూర్చోండి."

ఎవరో చప్పట్లు కొట్టారు. బేబీ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. దానికి తెలుసు. ఆ పొద్దున నా వేలు చూసింది. అయినా నా వైపు చూడకుండా, "ఊరుకోండి పిన్నిగారూ" అంది. అప్పుడు తెలిసింది నాకు. పెరుగు పాడైందని నమ్మితే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నా చీము నమ్మితే, ఆ రోజు మారడిగి తిన్నది ఇప్పుడు మళ్ళీ గొంతులోకి వస్తుంది. ఎవరు నమ్ముతారు?

నిజం చెప్పాలంటే కూర్చున్నాక నాకు హాయిగా అనిపించింది. చెప్పేశాను, నమ్మకపోతే నా తప్పా? పేరుకి పేరూ దక్కింది, మనసుకి మనసూ తేలికపడింది. ఆ తేలికదనంతోనే మర్నాడు ఆటో ఎక్కి కోహ్కా వెళ్ళాను.

ఇల్లు వెతుక్కోవడానికి అరగంట పట్టింది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. ఛాయ గేదెల దగ్గర నేల కడుగుతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది. కూర్చోమంది, నీళ్ళిచ్చింది. నవ్వలేదు.

నేను మొత్తం చెప్పాను. వేలు, పాలు, ఆస్పత్రి, ఆ రోజు తలుపు.

"నాకు తెలుసు దీదీ," అంది. "నిమ్మకాయ పెట్టుకున్న వేలు నేను చూశాను కదా. మొదటిరోజే మా ఆయనతో అన్నాను. ఆవిడ చెప్తుందిలే, రేపు చెప్తుంది అని. రోజూ అదే అన్నాను. తర్వాత ఆయనే అడగడం మానేశాడు."

"నిన్న మీటింగులో అందరి ముందూ చెప్పాను ఛాయా. ఎవరూ నమ్మలేదు."

ఛాయ చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఎన్నిసార్లు చెప్పావు?"

"ఒకసారి."

"నా గురించి వాళ్ళు ఎన్నిసార్లు చెప్పుకున్నారంటావు?"

ఛాయ లేచి చీపురు తీసుకుని మళ్ళీ నేల కడగడానికి వెళ్ళిపోయింది. గేదె ఒకటి నన్నే చూస్తూ నెమరేస్తోంది. నీళ్ళు తాగి గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాతి రోజునుంచి ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టాను. మే నెల ఎండల్లో, గొడుగేసుకుని, రోజుకి నాలుగు ఇళ్ళు. మొదట బేబీ వాళ్ళిల్లు.

"ఆ పొద్దున నువ్వు నా వేలు చూశావు. కలుపుతానన్నావు, నేను వద్దన్నాను. చూశావా లేదా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు పిన్నిగారూ?"

"చూశావా లేదా?"

"చూసినాను," అంది, ఏడుపు గొంతుతో. "నాను కూడా తిన్నాను కదా. మా పిల్లలూ తిన్నారు. ఎలాగ అనుకోమంటారు ఆ మాట?"

"అనుకోవాలి. ఛాయ గురించి అనుకోవడం మానాలంటే అదే అనుకోవాలి."

ప్రతి ఇంట్లోనూ అదే చెప్పాను. వేలు ఎత్తి చూపించి, ఎక్కడ చితికిందో, ఎంత చీము వచ్చిందో, పీలిక విప్పి ఎలా కలిపానో, డాక్టరమ్మ ఏమందో, అన్నీ చెప్పాను. సగం మాటలకే కొందరు నోటికి చెయ్యి అడ్డుపెట్టుకునేవారు. ఒకావిడ లేచి లోపలికి వెళ్ళి వాంతి చేసుకుంది, నెలన్నర తర్వాత. నేను ఆగలేదు. రెండోసారి వెళ్ళిన ఇళ్ళూ ఉన్నాయి. నూకాలమ్మ మంచం మీద కూర్చుని అంతా విన్నది.

"ఏటే, నన్ను సంపీసినంత పని సేసినావు కదే."

"అవునత్తా."

"సెప్పినావు, బాగుంది." నా చెయ్యి పట్టుకుని వేలు తిప్పి తిప్పి చూసింది. తర్వాత వదిలేసింది. "ఇంక మాయింట్లో ఏ గిన్నిలోనూ సెయ్యెట్టకు."

నమ్మారు. నమ్మారని నాకు ఎలా తెలిసిందంటే, పలకరించడం మానేశారు. అట్లతద్దికి పిలవరని అప్పుడే తెలిసిపోయింది. మా ఆయన కార్యదర్శి పని వదిలేశాడు. వదిలెయ్యమని ఎవరూ అడగలేదు, షిఫ్టు దిగి మీటింగులకి వెళ్తే అందరూ ఆయన టిఫిన్‌బాక్సు వంక చూస్తున్నారట. ఒకరోజు పొద్దున్న లేచేసరికి వంటింట్లో ఆయన బియ్యం కడుగుతున్నాడు.

"నేను పెడతాను కదండీ."

"వొద్దులే," అన్నాడు, కోపం లేకుండా. కోపంగా అన్నా బాగుండేది. అప్పటినుంచి ఆయన అన్నం ఆయనే వండుకుంటున్నాడు. "అన్నం పెట్టు" అనే మాట కూడా పోయింది. అందుకు ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

వాట్సాప్ గ్రూపులోంచి పాత మనవి ఎప్పుడు తీసేశారో తెలీదు. జూన్‌లో తొలివాన పడిన మధ్యాహ్నం, వీధి మొదట్లో స్కూటీ చప్పుడు వినపడింది. పరిగెత్తుకుని వెళ్ళి కిటికీలోంచి చూశాను. రాజాబాబు వాళ్ళ గేటు దగ్గర ఆగింది, నూకాలమ్మ కోడలు గిన్నె తెచ్చింది. బేబీ వాళ్ళ గేటు దగ్గర ఆగింది. బేబీ ఏదో అంటూ ఛాయ రెండు చేతులూ పట్టుకుంది. తప్పు ఒప్పుకుంటోందేమో. నేను గిన్నె తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. ఛాయ నన్నూ, గిన్నెనీ చూసింది. బండి ఆపకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు గిన్నె తీసుకెళ్ళలేదు. ఊరికే గేటు దగ్గర నిలబడ్డాను. ఛాయ నా వైపు చూసి తలూపింది. బండి మాత్రం ఆపలేదు.

ఇప్పుడు రోజూ ఆ వేళకి అక్కడే నిలబడుతున్నాను.